కొన్న పళ్ళు

నా మనవరాలు రేవతి విదేశంలో ఒక మహిళా జట్టుకు జీతం మీద ఐస్ హాకీ ఆడుతుంది. ఆటలో వాడే గట్టి రబ్బరు బిళ్ళ తగిలి పోయిన ఏడాది దాని ముందు పళ్ళు రెండు రాలిపోయాయి. పెట్టుడు పళ్ళు పెట్టించుకుని మళ్ళీ ఆటలోకి దిగింది.

ఈ ఏడాది అది సెలవు మీద వచ్చినప్పుడు, మలేషియాలో తెలుక్ ఇంటాన్‌లోని మా ఇంటికి పెళ్ళివారు వచ్చారు. కౌలాలంపూర్‌లో పనిచేసే ఆ అబ్బాయిని రేవతే ఇష్టపడింది. పదకొండుకు వస్తామన్నవారు పన్నెండుంబావుకు వచ్చారు. నేను రంబుటాన్ పళ్ళు పళ్ళెంలో పోసి వారి ముందు పెట్టాను.

రేవతి ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ ఇంగ్లీషే మాట్లాడుతుంది. తెలుగు మాట్లాడదు కాబట్టి, దానికి అర్థమూ కాదనుకుంది అబ్బాయి తల్లి. పళ్ళెం వైపు చెయ్యి చూపిస్తూ, కళ్ళు మాత్రం పిల్ల నోటి మీదే పెట్టి నన్ను అడిగింది.

"పళ్ళు బావున్నాయి గానీ పెద్దమ్మా, ఇంటివేనా, కొన్నవేటి?"

అందరూ నవ్వారు. రేవతి తండ్రి, అంటే మా పెద్దాడు, అందరికన్నా గట్టిగా నవ్వాడు. రేవతి ఆ అబ్బాయి వైపు చూసింది. అతనూ నవ్వుతున్నాడు.

అది పెట్టుడు పళ్ళు ఊడదీసి, రంబుటాన్ల మధ్య పెట్టింది.

"ఇయి రెండే కొన్నవి లా, అత్తా. తినండి."

సంబంధం అక్కడితో తెగిపోయింది. మన పిల్లలకు తెలుగు రావడం లేదని నేను ఎన్నోసార్లు బాధపడ్డాను. ఆ రోజు మాత్రం, దానికి ఆ ఒక్క మాటా అర్థం కాకుండా ఉంటే బాగుండేదనిపించింది.