మార్తమ్మ అల్లిన గౌను

ఏళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. కట్టుకున్నవాడికీ చెప్పలేదు, దేవుడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నారాయణఖేడ్‌లో మేం కొందరు ఆడవాళ్లం సరదాగా లేసు అల్లుతాం. ఒకసారి శని, ఆదివారాలు చర్చి వెనక హాల్లోనే ఉండి, వండుకు తింటూ, కబుర్లు చెప్పుకుంటూ అల్లుకుందాం అనుకున్నాం. కల్హేర్ నుంచి, నాగల్‌గిద్ద నుంచి కూడా వచ్చారు. నేర్పించేది నేను. మార్తమ్మకు సూది పట్టడం నేర్పిందీ నేనే.

ఆమె మనవరాలి బాప్తిస్మం కోసం తెల్లటి లేసు గౌను అల్లి తెచ్చింది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. అందరూ ఆమె చుట్టూ చేరారు. అంచు పువ్వులు ఎలా వేశావని ఆమెనే అడిగారు. నా ఒళ్లో ఉన్న పని వైపు ఎవరూ చూడలేదు. ఇంత చిన్నదానికా కడుపుమంట? నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో.

మధ్యాహ్నం అందరూ దారం కొనడానికి బజారుకు వెళ్లారు. నేను తలనొప్పని ఆగిపోయాను. మోకాళ్ల నొప్పులతో మార్తమ్మ ఆడబిడ్డ రాజమణి కూడా ఆగి, వరండాలో పప్పు ఏరుతూ కూర్చుంది. వదినా మరదళ్లకు చాలాకాలం మాటల్లేవు. అప్పటికి కొద్దిరోజుల ముందే కలిశారు.

గౌను హాలు పక్క గదిలో మంచం మీద ఉంది. ఛాతీ దగ్గర ఒక దారం కత్తిరించి, పట్టి లాగాను. నెలల పని నా వేళ్ల మధ్య ఉత్త నూలై వచ్చేసింది. చేయి ఆగలేదా, నేను ఆపలేదా?

ఆపలేదు.

మార్తమ్మ తిరిగొచ్చి చూసింది. అరవలేదు. నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, నువ్వు ఈడనే ఉన్నవ్ గద. గా రూములకు ఎవరన్న పోయిండ్రా?"

అంతకుముందే రాజమణి నొప్పుల గోళీ వేసుకోవడానికి ఒకసారి లోపలికి వెళ్లొచ్చింది. నేను చూశాను.

"రాజమణి పోయింది. నా కండ్లతోటి చూసిన." అన్నాను.

అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నా నీచత్వం.

రాజమణి ఏడ్చి ఒట్టు పెట్టుకున్నా ఎవరూ నమ్మలేదు. బాప్తిస్మానికి ఆమెను పిలవలేదు. రాకపోకలు ఆగిపోయాయి. నిరుడు దవాఖానలో ఆఖరి ఘడియల్లో ఉండి, వదినను చూడాలని కబురు పెట్టిందట. మార్తమ్మ పోలేదు. మట్టి చేసిన రోజు మా ఇంటికొచ్చి, పోకపోయానే అని ఏడ్చింది. నేను టీ పెట్టిచ్చాను. వీపు నిమిరాను. ఈ చేత్తోనే.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెబితే ఆమె తట్టుకోలేదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నిజానికి నా భయం ఆమె గురించి కాదు, నా గురించే.

ఆ గౌను పాడుచేసింది నేను. రాజమణి కాదు. క్షమించమని ఎవరిని అడగను? ఒకరు లేరు, ఇంకొకరి ముందు నోరు పెగలదు. ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. సిగ్గు అలాగే ఉంది. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.