మళ్ళీచెప్పండిగారు రాక్ కచేరీకి వెళ్ళిన వైనం

తూనికల ఇన్‌స్పెక్టరు ఈ లోకంలో దేన్నీ నమ్మడు. ఇంట్లో గడియారాన్ని నమ్మక పక్కింటి గడియారం చూసి వస్తాడు. పక్కింటివాళ్ళనీ నమ్మడు కాబట్టి ఇంటికొచ్చి మళ్ళీ తన గడియారమే చూసుకుంటాడు. పాతికేళ్ళు దొంగ తూకాలు పట్టుకునే ఉద్యోగం చేశాక కిలో అంటే కిలో కాదన్న సంగతి ఆయన రక్తంలో కలిసిపోయింది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని కొందరంటారు గానీ అది సరికాదు. లెక్కపెట్టి, అనుమానం తీరక, ఇంకోసారి ఆవులించమంటాడు.

ఈమధ్య ఈ జబ్బు మరీ ముదిరింది. ఎవరేం చెప్పినా సరే, “మళ్ళీ చెప్పండి. గట్టిగా చెప్పండి” అంటాడు. అబద్ధం రెండోసారి చెప్పేటప్పటికి రంగు మారుతుందట. బస్సులో కండక్టరు స్టాపు పేరు చెబితే మళ్ళీ చెప్పించాడు. హోటల్లో సర్వరు ఏమున్నాయో చదివితే మొదటినుంచి మళ్ళీ చదివించాడు. ఒక పెళ్ళి విందులో పెళ్ళికొడుకు తండ్రి “భోంచేసి వెళ్ళండి” అంటే ఆయన చేతా రెండుసార్లు అనిపించాడు. ఆయన పెద్దమనిషి గనక సరిపోయింది. దాంతో ఊళ్ళో ఆయన అసలు పేరు మరుగున పడి, మళ్ళీచెప్పండిగారు అనే పేరు స్థిరపడింది.

ఆయనకున్న ఏకైక స్నేహితుడు కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. కాలేజీ నాటి స్నేహం. రోజూ సాయంత్రం ఆఫీసు అవగానే ఇన్‌స్పెక్టరు ఆ దుకాణంలో మూలనున్న స్టూలు మీద కూర్చుంటాడు. వచ్చినవాళ్ళకి చూపు పరీక్ష చేసేది స్నేహితుడైనా, అనుమానించేది మాత్రం ఈయన.

“ఆ నాలుగో వరస మళ్ళీ చదవండి” అన్నాడొకసారి, కళ్ళు చూపించుకోడానికి వచ్చిన ఒక పెద్దావిడతో.

“ఇప్పుడేగా చదివాను?”

“చదివారు. గొంతులో చదివారు. గట్టిగా చదివితేగాని నేను నమ్మను. మీ ముందువాళ్ళు చదివింది బట్టీ పట్టి ఉండొచ్చు.”

“ఈయనెవరండీ బాబూ?” అని ఆవిడ దుకాణం ఆయన వైపు తిరిగింది.

“మా వాడేనండీ. ఏమనుకోకండి. కాస్త చదివెయ్యండి” అని ఆయన బతిమాలాడు. ఆవిడ వీధి చివరిదాకా వినపడేలా చదివి, కళ్ళజోడు తీసుకుని, ఇక ఈ గడప తొక్కనని చెప్పి వెళ్ళింది. ఆ మాట మాత్రం ఇన్‌స్పెక్టరు మళ్ళీ చెప్పమనలేదు.

స్నేహితుడి కష్టం స్నేహితుడిది. ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి మీద కూడా పెద్దగా ఆశలు పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఈ సంగతి ఆయన భార్యకి చెప్పలేదు, కస్టమర్లకి చెప్పలేదు. చెవులే వినపడని మనిషి మా కళ్ళేం చూస్తాడని జనం దుకాణం ఎక్కడం మానేస్తారని భయం. ముఖ్యంగా ఇన్‌స్పెక్టరుకి చెప్పలేదు. మనసులో పుట్టిన ప్రతి అనుమానాన్నీ నలుగురి ముందూ పెట్టేవాడికి ఈ సంగతి చెప్పడం, మైకు పట్టుకుని చెప్పడం ఒకటే. ఇన్‌స్పెక్టరు తనవైపు తేరిపార చూస్తే చాలు, గుమ్మడికాయల దొంగలా ఆయన చెయ్యి ఎడమ చెవి దగ్గరికి పోయేది.

అలాంటి రోజుల్లో ఆ బ్యాండు వస్తోందని తెలిసింది.

కాలేజీలో ఇద్దరికీ కలిపి ఒకే టేపు రికార్డరు, ఒకే ఇయర్‌ఫోన్ ఉండేవి. ఒక కొస ఇతని చెవిలో, రెండో కొస అతని చెవిలో పెట్టుకుని, నలుగురు జులపాల మనుషులు వాయించే రాక్ పాటలు టేపు సాగిపోయేదాకా విన్నారు. అందులో ఒక పాట ఉంది. ఒకే ఒక్క గిటారు తీగ మోగుతుంది, తర్వాత గొంతు మెల్లగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు మొదలవుతుంది. ఆ గొంతుని ఎదురుగా కూర్చుని ఒక్కసారి వినాలని కళ్ళజోళ్ళాయనకి పాతికేళ్ళ కోరిక. ఇప్పుడు వినకపోతే మళ్ళీ వచ్చేసరికి వినే చెవి ఉంటుందో ఉండదో. అందుకే ఎవర్నీ అడక్కుండా రెండు టిక్కెట్లు తెచ్చాడు.

ఇన్‌స్పెక్టరు దుకాణంలో భూతద్దం తీసి టిక్కెట్ల మీద పడ్డాడు.

“ఈ ముద్ర నాకు నచ్చలేదు.”

“టిక్కెట్లో ముద్ర నచ్చడమేంట్రా? పాట నచ్చితే చాలదా?”

“వాళ్ళకి ఇప్పుడు అరవయ్యేళ్ళు దాటి ఉంటాయి. వచ్చేది వాళ్ళేనని నీకెవరు చెప్పారు? జుట్టు పెంచుకున్న ఏ నలుగురినైనా తీసుకురావచ్చు. పైగా వెనక టేపు వేసి పెదాలు ఆడిస్తే?”

“నువ్వు రాకపోతే మానెయ్. నేనొక్కణ్ణే పోతా.”

“నిన్నొక్కణ్ణే పంపడం మీద కూడా నాకు అనుమానమే. సీట్లెక్కడ?”

“మూడో వరస. కుడివైపు చివర, గోడ పక్కన.”

ఇన్‌స్పెక్టరు భూతద్దం కింద పెట్టాడు. “కుడివైపు చివరా?” అని, ఎందుకో కాగితం మీద హాలు బొమ్మ గీసి చూసుకున్నాడు. చివరికి, “నాకు ఆ గోడ మీద నమ్మకం లేదు” అన్నాడు. చూడని గోడని అనుమానించడం ఆయనకి కూడా అదే మొదటిసారి.

కచేరీ రోజు సాయంత్రం ఇద్దరూ నడిచి బయల్దేరారు. ఎప్పటిలాగే ఇన్‌స్పెక్టరు స్నేహితుడికి కుడిపక్కన చేరాడు. ఎడమపక్కన నడవడు, అటుపక్క మ్యాన్‌హోలు మూతల మీద ఆయనకి అనుమానం.

గేటు దగ్గర తాడిని తన్నేవాడికి వాడి తల తన్నేవాడు దొరికాడు. సెక్యూరిటీ గార్డు చేతిలోని యంత్రం ఇన్‌స్పెక్టరు జేబు దగ్గర కుయ్యిమంది. ఆయన ఎక్కడికెళ్ళినా వెంట తీసుకెళ్ళే ఇత్తడి తూకపురాయి బయటపడింది.

“ఏంటిది?”

“రెండొందల గ్రాములు.”

“పాటలు వినడానికొచ్చి ఇదెందుకండీ?”

“ఎవరైనా తక్కువ తూచితే పట్టుకోడానికి.”

“లోపల పాటలు తూచి అమ్మరండీ. ఇక్కడ పెట్టి వెళ్ళండి. పోయేటప్పుడు ఇస్తాం.”

“మళ్ళీ చెప్పండి. గట్టిగా చెప్పండి.”

“పోయేటప్పుడు ఇస్తాం!” అని గార్డు అరిచాడు. తర్వాత ఆయన్ని పైనుంచి కిందికి చూసి, “మీ మీద నాకేదో అనుమానంగా ఉంది” అని ఇంకోసారి ఒళ్ళంతా తడిమాడు. జీవితంలో మొదటిసారి అనుమానం తన మీదికి తిరిగేసరికి ఇన్‌స్పెక్టరు ముచ్చటపడి, “ఉద్యోగం ఇలా చెయ్యాలి” అని గార్డు భుజం తట్టాడు.

లోపల సీటు చూపించగానే ఆయన పని మొదలైంది. కుర్చీ ఊపాడు. గోడ మీద చెయ్యి పెట్టాడు. పైకి చూసి, “ఆ లైటు బోల్టు వదులైంది. మన నెత్తిన పడుతుంది. లే, అటుపక్కకి పోదాం” అన్నాడు.

“కూర్చోరా. జనం చూస్తున్నారు.”

“చూడనీ. ప్రాణాల మీదికొచ్చాక చూసేవాళ్ళుండరు.”

స్నేహితుడు కదల్లేదు. ఇన్‌స్పెక్టరు ఇప్పుడే వస్తానని ఎటో వెళ్ళి, తిరిగొచ్చి బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. బ్యాండు వేదిక మీదికి వచ్చింది. హాలు హోరెత్తింది.

కళ్ళజోళ్ళాయనకి ఆ హోరు కూడా సగమే చేరింది. వేదిక అంతా ఎడమపక్కన, అంటే పోయిన చెవి వైపు ఉంది. మిగిలిన చెవికి గోడ మీద తగిలి తిరిగొచ్చే రొద తప్ప ఇంకేమీ లేదు. డ్రమ్ములు గుండెలో దడదడమంటున్నాయి గానీ మాట ఒక్కటీ తెలియడం లేదు. మొదటి పాట అయిపోయింది, రెండోదీ అయిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడితే ఆయనా కొట్టాడు, తలలూపితే ఊపాడు. లోపల మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. పాతికేళ్ళు ఎదురుచూసి, గోడకి చెవి అప్పగించి కూర్చున్నాడు.

“లే” అన్నాడు ఇన్‌స్పెక్టరు, అతని కుడి చెవిలో. “లైటు ఊగుతోంది.”

ఆ కడుపుమంట అంతా ఆయన మీదికి మళ్ళింది. “ఒక్క సాయంత్రం, ఒకే ఒక్క సాయంత్రం, దేన్నీ అనుమానించకుండా కూర్చోలేవా?”

“లేను” అని ఇన్‌స్పెక్టరు అతని చెయ్యి పట్టుకుని లేపాడు. వరస వరసంతా మోకాళ్ళు ముడుచుకుంది. తిట్టుకుంటూ, క్షమాపణలు చెప్పుకుంటూ ఎడమవైపు చివరికి చేరారు. అక్కడ కూర్చున్న తల్లీకూతుళ్ళు వీళ్ళని చూడగానే నవ్వుతూ లేచి, వీళ్ళ సీట్లలోకి వెళ్ళిపోయారు. ఇందాక వెళ్ళినప్పుడే ఈ బేరం కుదిరిందన్నమాట.

సరిగ్గా అప్పుడే ఒక్క గిటారు తీగ మోగింది.

గొంతు మొదలైంది. మెల్లగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు, తిన్నగా కుడి చెవిలోకి. కాస్త బొంగురుపోయింది గానీ అదే గొంతు, ఒక్క మాట కూడా పొల్లుపోకుండా. కళ్ళజోళ్ళాయన ఊపిరి బిగబట్టి విన్నాడు. కళ్ళజోడు మసకబారితే తుడుచుకోడానికి కూడా చెయ్యి కదపలేదు.

పాట సగంలో ఉండగా, జన్మలో ఎన్నడూ లేంది, ఆయనకీ ఒక అనుమానం వచ్చింది. లైటు నెత్తిన పడేదే అయితే వీడు ఆ తల్లీకూతుళ్ళని దానికిందకి ఎలా పంపాడు?

పక్కకి తిరిగి చూశాడు. ఇన్‌స్పెక్టరు వేదికని చూడటం లేదు. తన మొహాన్నే చూస్తున్నాడు, త్రాసు ముల్లు మధ్యకి వచ్చి నిలిచిందా లేదా అని చూసే చూపుతో. ఆ మ్యాన్‌హోలు మూతలు, ఆ కండక్టరు, ఆ సర్వరు, నాలుగో వరస గట్టిగా చదివిన పెద్దావిడ, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అన్నిచోట్లా వీడి పక్కన తనున్నాడు. ఈ ‘మళ్ళీ చెప్పండి’ మొదలై ఎన్నాళ్ళయింది? తన చెవి పోయి ఎన్నాళ్ళయింది? రెంటికీ రెండేళ్ళే.

పాట అయ్యాక అడిగాడు. “ఒరేయ్, ఆ లైటు ఊగలేదు కదూ?”

“ఊగే అవకాశం ఉంది.”

“నీకెప్పుడు తెలిసిందిరా?”

“తెలియడమేంటి? నేనెప్పుడైనా దేన్నైనా తెలుసన్నానా? రెండేళ్ళబట్టి అనుమానం.”

“ఎవరికైనా చెప్పావా?”

ఇన్‌స్పెక్టరుకి నిజంగానే కోపమొచ్చింది. “రుజువు లేకుండా ఒక మనిషి గురించి నలుగురికీ ఎలా చెబుతానురా? నేనేమైనా అంత బాధ్యత లేనివాడినా?”

బస్సు కండక్టరు నుంచి పెళ్ళికొడుకు తండ్రి దాకా ఊరందర్నీ రుజువు లేకుండా అనుమానించిన మనిషి, ఆ మాటని కళ్ళార్పకుండా అన్నాడు. కళ్ళజోళ్ళాయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వులో రెండేళ్ళ భయం సగానికి సగం తగ్గిపోయింది. రేపు ఇంట్లో చెప్పేద్దాం అనుకున్నాడు.

తర్వాతి పాటకి వేదిక మీద ఏవో తీగలు సర్దుకుంటున్నారు. ఇన్‌స్పెక్టరు వంగి ఏదో గొణిగాడు.

రెండేళ్ళలో మొదటిసారి కళ్ళజోళ్ళాయన తలూపి ఊరుకోలేదు. “వినపడలేదురా” అన్నాడు. “మళ్ళీ చెప్పు. గట్టిగా చెప్పు.”

ఇన్‌స్పెక్టరు సంతోషంగా ఊపిరి తీసుకుని, డ్రమ్ముల వైపు వేలు చూపిస్తూ హాలంతా దద్దరిల్లేలా చెప్పాడు. “ఆ డ్రమ్ములాయన అసలువాడు కాడని నా అనుమానం!”

ముందు రెండు వరసలూ వెనక్కి తిరిగాయి. వేదిక మీద నెరిసిన జుట్టు డ్రమ్ములాయన తలెత్తి వీళ్ళవైపు చూశాడు. రెండు కర్రలూ ఎత్తి, పాత టేపులో ఉన్న ఆ వరసని ఉన్నదున్నట్టు వాయించాడు. వాయించి, ఇన్‌స్పెక్టరు వైపు చూసి, మళ్ళీ వాయించాడు. ఈసారి గట్టిగా.

“సరే” అన్నాడు మళ్ళీచెప్పండిగారు, కుర్చీలో వెనక్కి వాలి. “వాడే.”