చేతులకు సరిపడా గుడ్డ

1977 ఏప్రిల్. మేము సరోజినీ నగర్‌లో గవర్నమెంటు క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. నేను ముందు గదిలో కాలి మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. నరసాపురంలో చర్చి వాళ్ళ కుట్టు క్లాసులో నేర్చుకున్న పని అది. బోర్డేమీ లేదు. తెలుగువాళ్ళు ఎస్తేరక్క అనేవారు, పంజాబీలు మద్రాసీ దీదీ అనేవారు. నరసాపురం మద్రాసులో లేదని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకున్నాను.

గదిలో ఒక మూల పాత చీరతో కర్టెన్ కట్టాను. కొలతలైనా ట్రయలైనా దాని వెనకే. మిషను పక్కన ఒక కుర్చీ ఉండేది, వెంట వచ్చినవాళ్ళు కూర్చోవడానికి. ఆ కుర్చీ గురించి మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

జాకెట్టు పనితనమంతా ఆర్మ్‌హోల్‌లో ఉంటుంది. అంటే చెయ్యి దూర్చే గుండ్రం. అది బిగిస్తే చెయ్యి లేవదు, వదులైతే చంక కింద గుడ్డ ముడతలు పడుతుంది. దాన్ని కొలవాలంటే మనిషి చెయ్యెత్తాలి, నేను చంక కిందనుంచి టేపు తిప్పాలి. అందుకని ఆడవాళ్ళు డాక్టరుకు చూపించడానికి కూడా మొహమాటపడే చోటు టైలరుకు తెలిసిపోతుంది.

ఆ రోజుల్లో స్లీవ్‌లెస్ జోరుగా నడుస్తోంది. స్లీవ్‌లెస్ వేసుకుంటే చంకలు నున్నగా ఉండాలని ఎవరు పెట్టారో తెలియదు గానీ, రూలు మాత్రం వచ్చేసింది. నా దగ్గరికొచ్చే వాళ్ళలోనే ఎన్ని రకాలో. మా వీధి చివరి సర్దార్నీ ఆంటీ ఒంటిమీద ఒక్క వెంట్రుకకు కూడా కత్తెర తగలనిచ్చేది కాదు, దేవుడిచ్చిందని. పాత ఢిల్లీ నుంచి వచ్చే బేగం గారికేమో తీసెయ్యడమే శుభ్రత, చిన్నప్పుడు వాళ్ళ నానమ్మ అలా నేర్పిందట. మా పై ఇంటి కోడలు నెలనెలా పార్లరుకు వెళ్ళి వాక్సింగ్ చేయించుకునేది. వేడి వేడి పాకంలాంటిది ఒంటికి పూసి, పైన గుడ్డ అంటించి, ఒక్క లాగు లాగుతారు. ఆ అమ్మాయి వర్ణించి చెబుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మన తెలుగువాళ్ళు పసిపిల్లలకు నలుగు పెట్టి నూగు పోగొడతారు గానీ, పెద్దయ్యాక ఆ ఊసే ఎత్తరు. నా సంగతంటారా, మా అమ్మ చెప్పలేదు, నేను పట్టించుకోలేదు. ఎవరికి వాళ్ళు తమదే సరైన పద్ధతి అనుకునేవారు. నా టేపుకు మాత్రం అందరూ ఒకటే.

అలాంటి రోజుల్లో మూర్తి గారూ, ఆయన భార్య సుగుణా వచ్చారు. మూర్తి గారు సెక్రటేరియట్‌లో ఉద్యోగి, అప్పుడే ప్రమోషన్ వచ్చింది. సుగుణది రేపల్లె. పెళ్ళై ఢిల్లీ వచ్చి ఏడాది అయిందేమో. మూర్తి గారు కుర్చీలో కూర్చుని సంచీలోంచి ముదురు ఎరుపు టూ బై టూ నూలు గుడ్డ తీసి ఇచ్చారు. ఫాల్ కుట్టడానికి ఒక ఆకుపచ్చ సిల్కు చీర కూడా తెచ్చారు. వాళ్ళ ఆఫీసరు గారింట్లో డిన్నరు ఉందట. జాకెట్టు స్లీవ్‌లెస్ కావాలన్నారు. సుగుణ గోడవైపు చూస్తోంది.

కర్టెన్ వెనక్కి తీసుకెళ్ళి చెయ్యెత్తమన్నాను. ఎత్తలేదు. సిగ్గేమో అనుకుని నేనే మెల్లగా ఎత్తబోతే అమ్మా అంది. చూస్తే చంకలో గడ్డ, చుట్టూ ఎర్రగా వాచిపోయి ఉంది, రెండు మూడు చోట్ల కోసుకున్న గీతలు. అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. ఆ ముందు నెల మూర్తి గారు కరోల్ బాగ్‌లో ఒక స్లీవ్‌లెస్ కుట్టించి, ఎవరింటికో భోజనానికి తీసుకెళ్ళారు. సుగుణ పై అరలోంచి గిన్నె అందుకుంటుంటే అక్కడి ఆడవాళ్ళు చూసి నవ్వుకున్నారు. వాళ్ళ హిందీలో ఈ పిల్లకు అర్థమైన ఒకే ఒక్క మాట జంగల్. మూర్తి గారు కూడా విన్నారు. మర్నాడు బాత్‌రూములో సుగుణ సబ్బు పెట్టె పక్కన కొత్త రేజరు ఉంది. ఆయన నోటితో ఏమీ అనలేదు, పెట్టారంతే. ఎలా గీసుకోవాలో ఎవరూ చెప్పలేదు, అద్దంలో సరిగా కనపడలేదు, కోసుకుంది, గడ్డ లేచింది.

"ఆయన నీట్‌గా ఉండమంటారక్కా. నేను రోజూ రెండుసార్లు స్నానం చేస్తాను. ఇంకా నీట్ అంటే ఏంటి?" అంది.

గడ్డ తగ్గాక ఏం చేస్తావని అడిగాను.

"మా ఊళ్ళో ఇలా చేసుకునేవాళ్ళను నాటకాలవాళ్ళు అంటారు. ఇక్కడ చేసుకోకపోతే మొరటు అంటారు. అక్కడా వాళ్ళే అంటారు, ఇక్కడా వాళ్ళే అంటారు. నీకెలా ఇష్టమే అని నన్ను ఒక్కళ్ళూ అడగరు" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, గుడ్డ చాలలేదని ఆయనకు చెప్పమంది. నాకు నవ్వాగలేదు. గుడ్డ చాలలేదనేది మా టైలర్లకు ఎప్పుడూ నోట్లో నానే అబద్ధం. పని ఆలస్యమైనా, కటింగ్ తప్పినా, డిజైను చేతకాకపోయినా అదే మాట. కానీ ఇక్కడ ఆ అబద్ధం పనికిరాదు. గుడ్డ చాలకపోతే కుట్టేదే చేతుల్లేని జాకెట్టు కదా. పైగా అది అబద్ధం కూడా కాదు. గుడ్డ పన్నా, అంటే వెడల్పు, కొలిచి చూస్తే, చేతులు పెట్టడానికి వీల్లేకుండా సరిగ్గా స్లీవ్‌లెస్‌కు సరిపడా కొనుక్కొచ్చారు మూర్తి గారు. ఎంతైనా గవర్నమెంటు ఉద్యోగి, ముందుచూపు ఎక్కువ.

బయటికొచ్చి, గడ్డ ఉంది సార్, చేతుల జాకెట్టు అయితే మంచిదేమో అన్నాను. డిన్నరు నాటికి తగ్గిపోతుందన్నారు. తర్వాత కాస్త ముందుకు వంగి, "మీరు ఎప్పటినుంచో ఢిల్లీలో ఉంటున్నారు, మీరైనా చెప్పండి. ఇక్కడ అందరూ తీసేస్తారు. నలుగురూ నవ్వుతుంటే నాకు మాత్రం బాగుంటుందా" అన్నారు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. నలుగురి నవ్వుకు భయపడ్డాడు, ఆ భయాన్ని తీసుకెళ్ళి ఆ పిల్ల సబ్బు పెట్టె పక్కన పెట్టాడు. నాకు కోపం వచ్చింది గానీ, మొగుడూ పెళ్ళాల మధ్య తలదూర్చిన టైలరుకు మళ్ళీ గిరాకీ రాదు. సరే సార్ అన్నాను.

వాళ్ళు వెళ్ళాక ఫాల్ కుట్టడానికి ఆ సిల్కు చీర మడత విప్పాను. ముదురు ఎరుపు అంచు. జాకెట్టు గుడ్డా అదే ఎరుపు. చీర లోపలి కొస, అంటే నడుం దగ్గర దోపుకునే వైపు, ఎప్పటికీ ఎవరికీ కనపడదు. అక్కడ మూరెడు కోస్తే రెండు చేతులొస్తాయి, అంచు చేతి చివరికి వస్తుంది. కానీ కొత్త సిల్కు చీరకు అడగకుండా కత్తెర ఎలా పెడతాను? మర్నాడు మధ్యాహ్నం మూర్తి గారు ఆఫీసులో ఉండగా సుగుణను పిలిపించి చూపించాను. చీర పొట్టి అవుతుంది, కుచ్చిళ్ళలో ఒకటి తగ్గుతుంది, ఇంకోసారి ఆలోచించుకోమన్నాను. ముందురోజు చెయ్యెత్తడానికే జంకిన పిల్ల, ఆ చీర కొసను తనే నా బల్ల మీద పరిచింది.

"కొయ్యండక్కా" అంది.

చేతులు కాస్త పొడుగ్గా, మోచేతికి పైదాకా పెట్టాను. గడ్డకు రాపిడి తగలకుండా చంక కింద గసెట్ వేశాను. గసెట్ అంటే చిన్న నలుచదరం ముక్క, అది వేస్తే ఆ చోట గుడ్డ ఒంటికి అంటుకోదు. మూర్తి గారు జాకెట్టు తీసుకోవడానికొచ్చి, చేతులు చూసి మొహం ముడుచుకున్నారు. అప్పుడు చెప్పాను నేను చెప్పాల్సిన అబద్ధం. సార్, స్లీవ్‌లెస్ పాతబడిపోయింది, బొంబాయిలో ఇప్పుడు చీర అంచుతో చేతులే నడుస్తున్నాయి, ఢిల్లీకి ఇంకా రాలేదు, మొదట వేసుకునేది మీ ఆవిడే అన్నాను. నేను పుట్టి బొంబాయి మొహం చూడలేదు. ఆయన ఒకటికి రెండుసార్లు నిజమేనా అని అడిగి, తృప్తిగా తీసుకెళ్ళారు.

డిన్నరులో ఏం జరిగిందో నాకు ఆ వారంలోనే తెలిసింది. ఆఫీసరు గారి భార్య చేతుల అంచు పట్టుకుని చూసి, ఎక్కడ కుట్టించావని అడిగిందట. ఆవిడ వచ్చింది, ఆవిడ చెల్లెలొచ్చింది, ఆ తర్వాత మా వీధి వీధంతా చీర కొసలు కోయించుకుంది. నేను ఊరికే అన్న మాట ఆ వేసవికి నిజంగానే ఫ్యాషనైపోయింది. నాకు గర్వంగా ఉండేది.

సుగుణ మాత్రం ఒకరోజు హుక్కులు కుట్టించుకోవడానికి వచ్చి, మీరు నన్ను గట్టెక్కించారు గానీ ఆయనకు ఇప్పటికీ నా ఇష్టమేంటో తెలియదక్కా అంది. రేజరు ఇంకా అక్కడే ఉందట, రోజూ దానికేసి చూసి స్నానం చేస్తోందట. నా గర్వం కాస్త దిగింది.

దీపావళి ముందు ఇద్దరూ మళ్ళీ వచ్చారు. మూర్తి గారు అదే కుర్చీలో కూర్చుని, మళ్ళీ కొలిచినట్టు తెచ్చిన గుడ్డ ముక్క తీశారు. ఫ్యాషన్ మారిపోయిందని మీరే అన్నారుగా, ఇప్పుడు మళ్ళీ స్లీవ్‌లెస్ వచ్చిందట, మా ఆఫీసులో చెప్పారు అన్నారు. నా మాట నాకే ఎదురొచ్చింది. బొంబాయి అయిపోయింది, ఇక ఏ ఊరి పేరు చెప్పాలి? టేపు పట్టుకుని కర్టెన్ వెనక్కి వెళ్ళాను. సుగుణ నిలబడి ఉంది. గడ్డ ఎప్పుడో మానింది, మచ్చ ఉంది. తను నన్ను చూసింది, కర్టెన్ వైపు తిరిగింది, మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"ఏవండీ, ఆ రేజరు తీసెయ్యండి. నాకిష్టం లేదు. ఎప్పుడైనా కావాలనిపిస్తే నేనే కొనుక్కుంటాను. ఎవరన్నా నవ్వితే నవ్వనివ్వండి, నవ్వేది నన్ను కదా."

నాకు భయమేసింది, ఎందుకో నాకే తెలియదు. మూర్తి గారు కుర్చీలోంచే, ఎస్తేరు గారూ, మరి చేతులకు ఇంకెంత గుడ్డ కావాలంటారు అని అడిగారు. ఎంత పొడుగో ఆవిడనడగండి సార్ అన్నాను. ఆయన అడిగారు. కర్టెన్ ఇవతల నుంచి సుగుణ చెప్పింది. ఆయన బజారుకెళ్ళి గుడ్డ తెచ్చారు. షేడ్ కాస్త తేడాగా తెచ్చారు, అది వేరే సంగతి.

వాళ్ళు వెళ్ళాక ఆ కుర్చీని తీసుకెళ్ళి గేటు పక్కన వేపచెట్టు కింద వేశాను. అప్పటినుంచి మొగుడైనా, అత్తగారైనా, అమ్మైనా అక్కడే కూర్చునేవారు. లోపల నేను మొదట అడిగే ప్రశ్న, చేతులు ఎంత అమ్మా అని. తలుపు మూసి అడిగితే ఒక్కొక్కళ్ళు ఎంత వేరుగా చెప్పేవారో. స్లీవ్‌లెస్ కావాలని ఇంట్లో పోట్లాడి వచ్చిన అమ్మాయి మణికట్టు దాకా పెట్టమనేది. పొడుగు చేతులు పెట్టించమని అత్తగారు వెంటబెట్టుకొచ్చిన కోడలు, కాస్త పైకి పెట్టండి దీదీ, మా అత్తగారికి కొలతలు తెలియవు అనేది. వెంట్రుకలు తీసేవాళ్ళూ తియ్యనివాళ్ళూ, అందరూ ఆ ప్రశ్న దగ్గర కాసేపు తడబడేవారు. వాళ్ళను అలా అడిగినవాళ్ళు అంతకుముందు లేరనుకుంటాను.

1983 మే నెలలో, ఎండ మండిపోతుండగా సుగుణ వచ్చింది. అప్పటికి ఒక స్కూల్లో టీచరు. ఒక్కతే వచ్చింది. తెల్ల గుడ్డ బల్ల మీద పెట్టి, స్లీవ్‌లెస్ అక్కా అంది. నాకు పాత భయం పట్టుకుంది. అలవాటుగా గేటు పక్కన కుర్చీకేసి చూశాను.

మూర్తి గారు రాలేదా అన్నాను.

"ఆయనెందుకక్కా, జాకెట్టు నాకైతే" అంది నవ్వుతూ.

చెయ్యెత్తమంటే ఫ్యానుకు తగులుతుందేమో అన్నంత పైకి ఎత్తింది. చంక నున్నగా ఉంది. నేను చూడటం తను చూసింది. "ఈ ఎండకు బాగుంటుందని తీశాను. రేజరు నేనే కొన్నాను. చలికాలం ఊరుకుంటాను, అప్పుడు బద్ధకం" అంది. మూర్తి గారు ఏమన్నారని అడిగాను. చలికాలమైనా ఎండాకాలమైనా ఆయన ఏమీ అనడం లేదట.

గుడ్డ పరిచి కొలిచాను. మీటరు పైనే ఉంది. చేతులు వద్దన్నదానివి ఇంత గుడ్డ ఎందుకు తెచ్చావు, సగం మిగిలిపోతుంది అన్నాను.

"చేతులకు సరిపడా తెచ్చానక్కా. మిగిలింది నాకిచ్చెయ్యండి. మళ్ళీ పెట్టించుకోవాలనిపిస్తే వస్తాను."

మిగిలిన ముక్క మడిచి, జాకెట్టుతో పాటే ఇచ్చాను. ఆ తర్వాత నా దగ్గరికి ఎవరొచ్చినా, చేతులు పెట్టించుకున్నా లేకపోయినా, గుడ్డ మాత్రం చేతులకు సరిపడా తెమ్మని చెబుతూ వచ్చాను.