చేపల రసం, చోళ్ల నారు

నా చిన్నప్పుడు మా పెరట్లో పెంటకుప్ప అవతల ఒక కుండ ఉండేది. దాని మూత తీస్తే చాలు, వీధి చివరి పిల్లి కూడా వచ్చి కూర్చునేది. తట్ట నెత్తిన పెట్టుకుని సముద్రం ఒడ్డు నుంచి వచ్చే చేపల అత్త, తలలూ పేగులూ మా మామ్మకి ఊరికే ఇచ్చేది. మామ్మ వాటిని బెల్లంతో కలిపి నెలపాటు మురగబెట్టేది. ఎండకి మొక్కలు వాడిపోతుంటే ఆ రసం గరిటెడు తీసి, బిందెడు నీళ్లలో కలిపి, చీపురుతో ఆకుల మీద చిలకరించేది. రెండు రోజుల్లో అవి కాస్త తేరుకునేవి.

ఆ ఏడు తొలకరి ఒక్క జల్లు కురిసి మొహం చాటేసింది. చోళ్ల నారు, అదే రాగి నారు, తల వాల్చేసింది. అది పోతే మెట్ట చేలో నాటడానికి ఇంకేమీ లేదు, ఏడాది పొడుగునా ఇంట్లో అంబలీ లేదు. నుయ్యి అడుగంటింది. మామ్మ ఆ రసమే చిలకరించి, రోజూ నారుమడి గట్టున కూర్చుని ఆకులు తడిమి చూసేది. ఆవిడ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మామ్మ సంతకి వెళ్లిన రోజు నాకు ఎక్కడలేని తెలివీ పుట్టుకొచ్చింది. గరిటెడుకే ఇంత బలమైతే కుండెడుకి ఎంత రావాలి! ముక్కు మూసుకుని, చుక్క నీళ్లు కలపకుండా, చిక్కటి రసం మడిలో ఒక మూలంతా పోసేశాను. మర్నాటికి ఆ మూల ఆకుల కొసలు మాడిపోయాయి. వెక్కుతూ నేనే వెళ్లి చెప్పేశాను.

మామ్మ వంటింట్లోకి వెళ్లి వచ్చింది. అంబలి గ్లాసు చేతికిచ్చింది. గుక్క తాగానో లేదో ఉమ్మేశాను. అబ్బ, ఉప్పు! గుప్పెడు వేసినట్టుంది.

"ఏటే, ఉప్పు మంచిదే కదేటి? ఎక్కువేస్తే ఎక్కువ బలం రాదేటి?" అంది. నేను గ్లాసు కింద పెట్టేశాను. "సూడు బుల్లీ, ఆ చేపల రసం వాన కాదు. వానొచ్చేదాకా మొక్కకి కూసింత ఓపిక. ఓపిక గరిటెతోనే పెట్టాల."

ఆ పూట మామ్మ స్నానం మానేసింది. ఆ నీళ్లతో ఇద్దరం మాడిన మూలంతా కడిగాం. ఆ మూల దక్కలేదు కానీ మిగతా నారు నిలబడింది. పది రోజులకి వాన పడితే అందరం తడుస్తూనే నాటాం.

ఇప్పుడు ఆమదాలవలస కొట్లలో సముద్రపు నాచు రసం సీసాల్లో దొరుకుతోంది. మేమూ పొలానికి కొడుతున్నాం. "ఎండ మండిపోతన్నాది అత్తా, ఇంకో మూత వేసీనా?" అంటుంది మా కోడలు. వద్దంటాను. నన్ను పిసినారి అనుకుంటుంది, అనుకోనీ.

మొన్న మా మనవరాలు పరీక్ష తప్పి మంచం దిగలేదు. ఇంటిల్లిపాదీ తలో బుద్ధీ చెప్పారు. నాకూ నోటిదాకా బోలెడు వచ్చాయి, మింగేశాను. ఒక జామకాయ కోసి చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాను. రెండో రోజు పొద్దున్నే అదే లేచి, దువ్వెన తెచ్చుకుని, జడ వెయ్యమంది.