నా రిపోర్టులో లేని ఏడుపు

మా అమ్మాయి చదివే స్కూలువాళ్ళు తల్లిదండ్రుల మీటింగు పెట్టిన రోజున నాకు కుర్చీ వెయ్యలేదు. కోర్టు నుంచి తిన్నగా యూనిఫాంలోనే వెళ్ళాను. రైసుమిల్లు ఆయనకి చేతుల కుర్చీ, మందుల షాపు ఆయనకి ప్లాస్టిక్ కుర్చీ, ఆడవాళ్ళకి పిల్లలు కూర్చునే బల్లలు వేశారు. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. నా వెనకే వచ్చిన ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "అమ్మో, మీటింగుకి బందోబస్తు కూడా వేయించారేంటండీ" అంటూ లోపలికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళు దాటిపోయింది. ఆవిడ కట్టుకున్న చీర రంగు నాకింకా గుర్తుంది.

కొవ్వూరుకి అరగంట దూరంలో, కాలువ గట్టున ఉన్న చిన్న ఊరు అది. నేను కానిస్టేబుల్ని. పేరుకి పోలీసునే గాని, అప్పటికి పన్నెండేళ్ళుగా కోర్టు డ్యూటీ. కేసుల కట్టలు స్టేషను నుంచి కోర్టుకి, కోర్టు నుంచి స్టేషనుకి మొయ్యడం, వాయిదా తేదీలు రాసుకోవడం, సాక్షుల్ని వెంటబెట్టుకు రావడం నా పని. నా వెనక చేరినవాళ్ళు హెడ్ కానిస్టేబుళ్ళయ్యారు. ఎవరెవరో, ఏ నెలలో అయ్యారో చెప్పగలను గాని, ఇక్కడ ఆ సంగతి ఎత్తను.

ఆ రోజుల్లో ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి టీవీలో ఒక పోలీసు సీరియల్ వచ్చేది. అందులో ఎస్సై వారానికొకణ్ణి లాకప్పులో బల్లకి కట్టి, నిజం చెప్పేదాకా అరికాళ్ళ మీద కొట్టేవాడు. వాడు అరిచి, ఏడ్చి, చివరికి నిజం చెప్పేవాడు. కేసు తేలిపోయేది. మీటింగుకి ముందు వారం, అన్నాల బెల్లు కొట్టాక, మూడో తరగతి పిల్లలు ఆ సీరియల్ ఆట ఆడారు. మార్కెట్లో చేపలమ్మే ఒకావిడ కొడుకుని దొంగని చేశారు. ఒకడు కాళ్ళు కదలకుండా పట్టుకుంటే, ఎస్సై వచ్చి స్కేలు అంచుతో అరికాళ్ళ మీద కొట్టింది. ఆ అబ్బాయి పాదం వాచి మూడు రోజులు బడికి రాలేదు.

"కొట్టింది" అని ఎందుకు రాశానంటే, ఆ ఎస్సై మా అమ్మాయి. ఎనిమిదేళ్ళది.

హెడ్‌మిస్ట్రెస్ ఆ సంగతి అందరి ముందూ చెప్పింది. "ఎవరో కాదండీ, మన కానిస్టేబుల్ గారి అమ్మాయే" అంది. తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. తర్వాత అసలు ప్రశ్న వేసింది. ఆ సీరియల్ పిల్లలకి చూపించొద్దని స్కూలు తరఫున ఇళ్ళకి చీటీ పంపాలా, అక్కర్లేదా?

"తప్పు చేస్తే తన్నులు పడతాయని పిల్లలకి తెలియాలి కదండీ. మంచి సీరియలే" అన్నాడు రైసుమిల్లు ఆయన.

"మీకేంటండీ. ఆ అరుపులకి మావాడు పక్క తడిపేస్తన్నాడు. ఉతుక్కునేది మేం" అంది మందుల షాపు ఆయన భార్య.

నవ్వులయ్యాయి. ఎటూ తేలలేదు. అప్పుడు రైసుమిల్లు ఆయనే, "పోలీసాయన ఉన్నారుగా. ఆయన్నే చూసి చెప్పమనండి" అన్నాడు. పక్కవాడి వైపు వంగి, నాకు వినపడేలాగే, "లాకప్పు ఆయనెప్పుడు చూశారులెండి, కట్టలు మోసుకునే డ్యూటీ" అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ కూడా నవ్వింది. చేత్తో నోరు కప్పుకుంది గాని, నవ్వింది. రెండు వారాలు సీరియల్ చూసి, అభిప్రాయం రాసి పట్టుకు రమ్మంది.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. నేను నోరు తెరవక ముందే, "ఏవండీ, దాన్ని కొట్టకండి" అంది. పదేళ్ళు కాపురం చేసిన మనిషి ఆ మాట అంది. నేనెప్పుడూ ఆ పిల్ల మీద చెయ్యెత్తలేదు.

పిల్ల మంచం కింద దూరింది. నేనూ నేల మీద బోర్లా పడుకుని, "ఎందుకు కొట్టావు అమ్మలూ?" అని అడిగాను.

మంచం కింద నుంచే చెప్పింది. కోరుకొండ తీర్థం బందోబస్తులో నాకు తప్పిపోయిన పిల్లల్ని చూసుకునే పని పడింది. వాళ్ళ తల్లులు వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ పిల్లలకి బిస్కట్లు పెట్టి, కబుర్లు చెప్పి కూర్చోబెట్టాను. మా అమ్మాయి అది గొప్పగా క్లాసులో చెప్పుకుంది.

"అందరూ నవ్వేరు నాన్నా. ఆ చేపలావిడ కొడుకైతే, మీ నాన్నది ఆయా డ్యూటీ అన్నాడు. లాకప్పులో కొట్టకపోతే పోలీసే కాదంట. అందుకే నేను ఎస్సై అయ్యేను."

తప్పని చెప్పాను. ఇంకెప్పుడూ అలా చెయ్యకూడదన్నాను. కానీ నిజం రాయాలి కదా, లోపల ఎక్కడో నాకు కొంచెం సంతోషమేసింది. నా తరఫున ఒక మనిషి నిలబడడం అదే మొదటిసారి.

ఆదివారం వచ్చింది. తెల్లకాగితాలు, అట్ట, కార్బను సిద్ధం చేసుకుని టీవీ ముందు కూర్చున్నాను. పన్నెండేళ్ళు కట్టలు మోసి నేను నేర్చుకున్నది ఒకటే. కాగితంలో ఒక సంతకం లేకపోయినా, ఒక టైము తప్పు పడినా, ఎంత పెద్ద కేసైనా కోర్టులో పడిపోతుంది. నా కళ్ళు వాటికే అలవాటు పడ్డాయి. సీరియల్ మొదలైన ఐదు నిమిషాలకే తప్పులు కనపడ్డం మొదలైంది. ఎస్సై టోపీ పక్కకి తిరిగి ఉంది. సోదా చేసేటప్పుడు ఊళ్ళోవాళ్ళనిద్దర్ని సాక్షులుగా పిలవలేదు. దొరికిన కత్తిని ఉత్త చేత్తో పట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. అరెస్టు చేసి మూడు రోజులైనా మేజిస్ట్రేటు ముందు హాజరుపెట్టలేదు. ఇరవై నాలుగు గంటల్లో పెట్టాలి.

మా అమ్మాయి మెల్లిగా వచ్చి పక్కన చేరింది. పావుగంట గడిచేసరికి తనూ పట్టడం మొదలెట్టింది.

"నాన్నా, బెల్టు లేదు! రాయి, రాయి!"

"శభాష్. ఎన్నోది?"

"పదకొండు!"

రెండు ఆదివారాలు అలా గడిచాయి. నా మోకాలి మీద మోచెయ్యి ఆనించి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, నాతో సమానంగా పని చేసింది. నా ఉద్యోగం ఏమిటో ఒక మనిషికి అర్థమైందనిపించింది. లాకప్పు సీను వచ్చినప్పుడు మాత్రం పిల్ల మాట్లాడేది కాదు. నేను తలెత్తి చూడలేదు. గోడ గడియారంలో టైము చూసి రాసుకుంటున్నాను.

రెండో మీటింగుకి యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాను. పిల్లని తోటి పిల్లలతో పాటు వరండాలో కూర్చోబెట్టారు. నాలుగు పేజీల రిపోర్టు నిలబడి చదివాను. రెండో పేజీ మొదట్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాలుగో పేజీకొచ్చేసరికి ఎవరూ దాచుకోవడం లేదు. చదవడం ఆపలేదు, ముప్ఫై ఏడు తప్పులూ చదివాను.

"చాలా కష్టపడ్డారండి" అంది హెడ్‌మిస్ట్రెస్. "ఇంతకీ పిల్లలు చూడొచ్చా, కూడదా? అది రాయలేదేంటండీ?"

కాగితాలు తిరగేశాను. నిజంగానే లేదు. దాన్ని గురించి ఒక్క ముక్క లేదు.

"ముందు మేజిస్ట్రేటు ముందు హాజరుపెట్టి, తర్వాత కొట్టుకోవచ్చేమోనండీ" అన్నాడు రైసుమిల్లు ఆయన. గది గదంతా నవ్వింది. చీటీ సంగతి ఎటూ తేల్చకుండానే టీలు ఇచ్చి పంపించేశారు.

పిల్లని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని కాలువ గట్టు మీదుగా బయల్దేరాను. కోపంతో నా చెవులు వేడెక్కి ఉన్నాయి. సగం దూరం వచ్చాక పిల్ల వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నాన్నా, ఆ దొంగ ఏడ్చేడని నువ్వు రాయలేదేంటి?"

"అది తప్పుల లెక్కలోకి రాదమ్మా."

"రెండు వారాలూ ఏడ్చేరు." బెల్లు మీద వేలు రాస్తూ మళ్ళీ అంది. "ఆ రోజు వాడు కూడా ఏడ్చేడు. టీవీలో ఏడ్చినా ఆపరు కదా. అందుకని నేనూ ఆపలేదు."

సైకిలు ఆపాను. ఒక కాలు నేల మీద పెట్టి అలాగే నిలబడ్డాను.

"నువ్వెప్పుడైనా కొట్టేవా నాన్నా?"

"లేదు" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ కడ్డీ మీద కూర్చున్న ఆ చిన్న వీపు నా గుండెకి ఆనుకుని ఉంది. అక్కడితో ఆపలేకపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్ళో, పొలంలో మోటారు పోయిందని ఒక కుర్రాణ్ణి అనుమానం మీద తీసుకొచ్చారు. పైఅధికారి కొట్టాడు. నన్ను కాళ్ళు పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. వారం తర్వాత మోటారు ఇంకెక్కడో దొరికింది. ఆ కుర్రాడికీ దానికీ సంబంధం లేదు. ఆ నెలలోనే నేను కోర్టు డ్యూటీ అడిగి వేయించుకున్నాను. పిరికివాడినన్నారు. కారణం మా ఆవిడకి కూడా చెప్పలేదు. పిల్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పాను. చివర, "నేను కొట్టలేదమ్మా. కాళ్ళు పట్టుకున్నానంతే" అన్నాను. పన్నెండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న మాటే అది.

పిల్ల ఆలోచించింది. "మా ఆటలో కాళ్ళు పట్టుకున్నోణ్ణి కూడా టీచరుగారు నాతో పాటే ఎండలో నిలబెట్టేరు నాన్నా" అంది.

ఎగతాళి లేదు, నింద లేదు. జరిగింది చెప్పింది, అంతే.

"చేపలావిడ ఇంటికెళ్దామా?" అంది.

నేను చేసిన తప్పు ఏంటంటే, యూనిఫాంలోనే వెళ్ళాను. చేపలావిడ వాకిట్లో తట్ట కడుగుతోంది. ఖాకీ చొక్కా కనపడగానే తట్ట వదిలేసి, కొడుకుని వెనక్కి లాగి, తను ముందుకొచ్చి చేతులు జోడించింది.

"బాబుగారూ, మావోడే ఏదో కూసేసుంటాడండి. సిన్నోడండి, తప్పైపోయిందండి. టేసనుకి మాత్తరం ఒద్దండి, ఆయ్."

దెబ్బలు తిన్న పిల్లాడి తల్లి మాకు క్షమాపణ చెబుతోంది. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని ఆవిడ చేతుల వైపు చూస్తోంది. ఆ చేతుల నుంచి తట్ట కడిగిన నీళ్ళు కారుతున్నాయి. నేను గబగబా టోపీ తీసేసి, వాకిట్లో మట్టి మీదే కూర్చున్నాను.

"తప్పు మాదమ్మా. మా అమ్మాయి నీ కొడుక్కి తప్పైపోయిందని చెప్పుకోడానికొచ్చింది."

మా అమ్మాయి సంచిలోంచి స్కేలు తీసి ఆ అబ్బాయికిచ్చింది. అరుగు మీద కూర్చుని రెండు కాళ్ళూ చాపి, కళ్ళు గట్టిగా మూసుకుంది. "కొట్టు" అంది.

వాడు స్కేలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నాదే! అప్పట్నించీ ఎతుకుతున్నా. దొంగెవరే మరి?" అన్నాడు.

వాళ్ళమ్మ ఫక్కుమని నవ్వి, వెంటనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వాడు స్కేలు తన సంచిలో పెట్టేసుకున్నాడు.

"ఇంకా నెప్పిగుందా?" అని అడిగింది మా అమ్మాయి.

"తగ్గిపోయిందిలే. స్కేలు దెబ్బకేం గాని, ఆడు కాళ్ళు పట్టేసుకుంటే కదల్లేకపోయేను. అప్పుడు బయమేసింది" అన్నాడు వాడు.

నేను వాణ్ణి దగ్గరికి రమ్మన్నాను. వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ వెళ్ళమన్నట్టు తలూపింది. ఆ పాదం చేతుల్లోకి తీసుకుని చూశాను. మడమ మీద ఎండిపోయిన చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది. వాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు లాక్కోగలిగేంత మెత్తగా పట్టుకున్నాను. వాడు లాక్కోలేదు.

ఆ సాయంత్రం రిపోర్టు కిందనే మిగిలిన జాగాలో రాశాను. "పిల్లలు ఈ సీరియల్ చూడకూడదు. దెబ్బలు తిన్నవాడు మర్నాడు ఎలా నడిచాడో ఇందులో చూపించరు. వాడి ఇల్లు చూపించరు. అందువల్ల కొట్టడం తేలికైన పని అనిపిస్తుంది." సంతకం పెట్టి మర్నాడు హెడ్‌మిస్ట్రెస్‌కి ఇచ్చాను. చూస్తానండి అని పేపరు వెయిట్ కింద పెట్టింది. చీటీ ఎవరింటికీ వెళ్ళలేదు. రెండుసార్లు గుర్తు చేశాను. మూడోసారి ఆవిడ లేదని ఆయాతో చెప్పించింది. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

మా ఇంట్లో మాత్రం నేను టీవీ కట్టెయ్యలేదు. ఆ తర్వాతి ఆదివారం పిల్ల తనంతట తనే వచ్చి కూర్చుంది. అట్ట, కాగితాలు నేను తియ్యలేదు. లాకప్పు సీను రాగానే ఈసారి తన ముఖమే చూస్తూ కూర్చున్నాను.

"వీడికి అమ్మ లేదా నాన్నా?" అంది.

"ఉండే ఉంటుందమ్మా. చూపించలేదు."

"వచ్చే వారం చూపిస్తారేమో."

మూడు వారాలు ఓపిగ్గా కనిపెట్టుకుని కూర్చుంది. వారానికొకణ్ణి కొట్టారు, ఎవడి అమ్మనీ చూపించలేదు. నాలుగో ఆదివారం ఆరింటికి సీరియల్ పాట మొదలైంది. పిలుద్దామని బయటికి వెళ్ళాను. పిల్ల వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. పాట తనకీ వినపడుతూనే ఉంది. బిళ్ళ గడిలో పడేసి, ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళింది.