బర్రెకొమ్ము పిడి

నా చిన్నప్పుడు, బడిని నేను వదిలానో బడే నన్ను వదిలించుకుందో గానీ, పన్నెండేళ్ళకే బోధన్ పక్కన చెరుకు కొట్టే జట్టులో చేరాను. నిజాంసాగర్ కాలువ కింద కనుచూపు మేరా చెరుకే. నా చేతికన్నా నోటికే పని ఎక్కువ. నా మాటలకు నవ్వుతూ జట్టువాళ్ళు నడుము నొప్పి మరిచిపోతారని మేస్త్రి నన్ను ఉండనిచ్చాడు.

మా ఊరి కమ్మరి తాత కత్తికి ఇనుము మాత్రమే సాగగొట్టి ఇచ్చేవాడు. పిడి ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. ఒకరిది వెదురు, ఒకరిది ఇనుప గొట్టం, ఇంకొకరిది పీలికలు చుట్టిన ఏదో కట్టె. మా జట్టులోనే పనిచేసే పక్కింటి అక్కది గరుకు తుమ్మ పిడి. ఆమె వేళ్ళ ఒత్తిడికి అక్కడక్కడా గుంటలు పడి ఉండేది. నాకు మాత్రం నల్లగా నిగనిగలాడే కొమ్ము పిడే కావాలి. మొండికేసి కూర్చుంటే మా బాపు ఎక్కడినుంచో బర్రెకొమ్ము తెచ్చి, చెక్కి, నూనె రాసి బిగించాడు. అక్క దాన్ని చేతిలో తిప్పి చూసింది.

"మంచిగనే ఉంది తమ్మీ. చెయ్యి తడిస్తే ఆగదు."

"నీ ఎలుక కొరికిన కంకి కన్నా నయమే అక్కా" అన్నాను.

మరునాటి పొద్దున చెరుకు ఆకుల నిండా మంచు. అరచేయి తడిసింది. ఎత్తిన కత్తి చేతిలోంచి జారి, ఎగిరి, పక్క సాలులో వంగి ఉన్న అక్క పాదం మీద పడింది. ఆమె కేకకు మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. పిల్లలకు కత్తి ఇవ్వొద్దని బాపుతో ముందే గొడవపడ్డ మనిషి. తెలిస్తే ఆ పూటే నన్ను వెళ్ళగొడతాడు. అక్క నా ముఖం వైపు ఒకసారి చూసింది. అప్పటికే నా కత్తిని ఎండాకు కిందికి నెట్టేసింది.

"నా కత్తే జారింది" అన్నది.

అన్నం వేళ జట్టంతా ఆమెను ఆటపట్టించింది. ఇన్నేళ్ళు కొట్టి కొట్టి ఆఖరికి తన కాలే నరుక్కున్నదని ఒకరు, చెరుకు గడకూ కాలికీ తేడా తెలియలేదని ఒకరు. తర్వాత అందరూ నా వైపు తిరిగారు.

"ఏందిరా, ఇయ్యాల నీ నోరు మూతపడ్డదా?" అన్నాడు మేస్త్రి.

ఊరుకుంటే అనుమానిస్తాడని భయం. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"తూకం తక్కువొస్తదని అక్క కాలు గూడ మోపుల కట్టబోయింది."

అందరూ పగలబడి నవ్వారు. అక్క కూడా నవ్వింది. పాదానికి చుట్టిన గుడ్డ ఇంకా ఎర్రబడుతూనే ఉంది, ఆమె నవ్వుతూనే ఉంది. నన్ను దాచడానికి నవ్వుతున్నదని ఆ జట్టులో నాకొక్కడికే తెలుసు.

సాయంత్రం అక్క కుంటుకుంటూ వచ్చి కత్తి తెమ్మన్నది. కొంగు చింపి ఒక పీలిక తన పాదానికి, ఇంకో పీలిక నా పిడికి బిగించి చుట్టింది. రెండు దెబ్బలు వేసి ఉంటే ఇంటికి తల ఎత్తుకుని పోయేవాణ్ణి.

నలుగురిలో ఎవరినో ఒకరిని ఒక మాట అని, మిగతావాళ్ళను నవ్వించే అలవాటు నాకు ఈ వయసుకూ పోలేదు. అయితే, నవ్వు మొదలవగానే ఎవరి మీద అన్నానో ఆ మనిషి ముఖం వెతుక్కుంటాను. కోపంగా కనబడితే హాయిగా ఉంటుంది. వాళ్ళు కూడా అందరితో కలిసి నవ్వుతుంటే మాత్రం తల వంచుకుంటాను.