లోపలికి రమ్మనేదాకా

లోకంలో ఏ తలుపునైనా నేరుగా తోసుకుని లోపలికి వెళ్ళడం బయ్యూమీకి చేతకాదు. గడప ముందు ఆగాలి. గొంతు సవరించుకోవాలి. "యా సాతిర్!" అని కేక వెయ్యాలి. లోపలి నుంచి రమ్మని జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడాలి. ఇంట్లోని ఆడవాళ్ళు సర్దుకోవడానికి వీలుగా, మానం కాపాడే దేవుణ్ణి మగవాళ్ళు అలా పైకి పిలుస్తూ మెట్లెక్కడం అలెగ్జాండ్రియాలో అందరికీ ఉన్న అలవాటే. కాకపోతే అందరూ ఆ కేక నోట్లో ఉండగానే లోపలికి వచ్చేస్తారు. జవాబు కోసం ఆగేది బయ్యూమీ ఒక్కడే.

ఆయన ఉద్యోగమంతా ఇళ్ళల్లో కరెంటు మీటర్లు చూడటంలోనే గడిచింది. ఆ ఉద్యోగం ఆయనకిచ్చిన పెద్దమనిషి ఎవరో గాని, చేపను చెట్టెక్కమన్నట్టే చేశాడు. తోటివాళ్ళు మధ్యాహ్నానికల్లా వీధి పూర్తి చేసి కాఫీ హోటల్లో కాళ్ళు చాపుకుంటే, బయ్యూమీ ఇంకా వీధి మొదట్లోనే ఎవరి గుమ్మం ముందో నిలబడి ఉండేవాడు. లోపలి ఇల్లాలు వంట ముగించి, పిల్లలకు పెట్టి, గిన్నెలు కడుక్కుని అప్పుడు రమ్మనేది. "ఏమయ్యా, నువ్వు వెళ్తున్నది మీటరు చూడటానికా, పిల్లను చూడటానికా?" అని పైఅధికారి విసుక్కునేవాడు.

ఈ అలవాటు ఎంత ముదిరిందో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయన భార్య నయీమా. పెళ్ళయిన నాటి రాత్రి గది బయట నిలబడి కేక వేశాడు. కొత్త పెళ్ళికూతురు, సిగ్గుతో జవాబివ్వలేదు. పొద్దున్నే అత్తగారు వచ్చి చూస్తే పెళ్ళికొడుకు నడవలో కుర్చీలో కూర్చుని గురక పెడుతున్నాడు. ఆ తర్వాత నయీమా జీవితంలో సిగ్గుపడింది లేదు. పడితే సంసారం సాగదని ఆమెకు ఆనాడే అర్థమైపోయింది.

"ఫ్రిజ్ ముందు గొంతు సవరించుకుంటావేంటయ్యా? లోపలున్నవి వంకాయలు. వాటికి సిగ్గు లేదు. తెరువు!" అని వంటింట్లోంచి అరిచేది.

దొంగ సంగతి ఆమె ఏ పెళ్ళిలోనూ చెప్పకుండా వదల్లేదు. ఒకసారి బయ్యూమీ ఇంటికి వచ్చేసరికి లోపల ఏదో అలికిడి. నయీమా ఊళ్ళో లేదు. ఎవరో చుట్టాలనుకుని "యా సాతిర్!" అన్నాడు. లోపలి నుంచి ఒక మగగొంతు, "ఒక్క నిమిషం!" అంది. బయ్యూమీ ఆగాడు. బాగా ఆగాక మళ్ళీ పిలిస్తే ఈసారి జవాబు రాలేదు. అప్పటికి దొంగ, రేడియో, ఆయన పెళ్ళి కోటు వెనక కిటికీలోంచి వెళ్ళిపోయాయి.

"అడిగితే జవాబిచ్చాడు కదా, మర్యాదస్తుడే అనుకున్నాను," అన్నాడు బయ్యూమీ.

ఇలాంటి మనిషికి కోర్టు ఒక తాళంచెవి ఇచ్చింది.

పై అంతస్తులో ఉండే ఇన్షిరాహ్ ఒకప్పుడు ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మ. భర్త పోయాడు, పిల్లలు లేరు. కొన్నాళ్ళుగా జ్ఞాపకం ఆవిడతో దోబూచులాడుతోంది. ఒక పూట గ్యాస్ ఆపడం మరిచిపోయేది, ఒక పూట పింఛను తెచ్చుకోవడం, ఒక్కోసారి తన పేరు కూడా. ఇలాంటివాళ్ళ డబ్బూ మందులూ బాగోగులూ చూడమని కోర్టు ఒకరిని సంరక్షకుడిగా పెడుతుంది. ఎవరిని పెట్టమంటారమ్మా అని అడిగిననాడు ఆవిడ మనసు తేటగా ఉంది. "కింది ఇంటి బయ్యూమీ" అంది. కైరోలో ఉన్న తమ్ముడి కొడుకు ఫిక్రీకి అప్పట్లో తీరిక లేదు కనుక తలూపాడు.

చట్టం ప్రకారం ఇక ఆవిడ తరఫున అన్నీ బయ్యూమీ నిర్ణయించవచ్చు. కానీ ఆయన పొద్దున్నే పాలు, ఉడికిన చిక్కుడు గింజల వేడి ఫూల్ గిన్నె పట్టుకుని మెట్లెక్కుతాడు. జేబులో ఉన్న తాళంచెవి తియ్యడు. మూసిన తలుపు ముందు కేక వేసి నిలబడతాడు. ఒక్కోరోజు జవాబు వెంటనే వస్తుంది. ఒక్కోరోజు ఫూల్ చల్లారిపోతుంది, పైన నెయ్యి గడ్డకడుతుంది, బయ్యూమీ ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి బరువు మార్చుకుంటాడు.

"తాళం నీ దగ్గరే ఉంది కదయ్యా!" అనేది నయీమా.

"తాళం నా దగ్గరుంటే మాత్రం? ఇల్లు ఆవిడది కదే."

"ఆవిడకా సంగతి గుర్తుండాలి గదా!"

"అందుకే కదా అడగడం," అనేవాడు. ఆ మాటకు అర్థమేమిటో అడగడం కూడా దండగని నయీమా కిందికి వెళ్ళిపోయేది.

చిక్కు ఫిక్రీతో వచ్చింది. అతను చెడ్డవాడు కాడు, తొందరమనిషి. లిఫ్టుల కంపెనీలో మేనేజరు. లోకంలో ఎవరూ ఎక్కడా ఆగకూడదన్నది అతని సిద్ధాంతం. ఒక శుక్రవారం అత్తను చూడాలనిపించి, చిన్నప్పటి నుంచి తన దగ్గరున్న తాళంచెవితో నేరుగా లోపలికి వెళ్ళాడు. వంటింట్లో ఉన్న ఇన్షిరాహ్ తిరిగి చూసి, దొంగ దొంగ అని అరిచి, చేతికందిన చెక్క చెప్పుతో అతని నుదురు వాచేలా కొట్టింది. ఆ కేకలకు పరిగెత్తుకొచ్చిన బయ్యూమీ, అంత కంగారులోనూ తీసి ఉన్న తలుపు దగ్గర ఆగి "యా సాతిర్!" అన్నాడు.

"లోపలికి రావయ్యా బాబూ, చంపేస్తోంది!" అని ఫిక్రీ గోల.

"మీరు కాదండీ, ఆవిడ చెప్పాలి," అన్నాడు బయ్యూమీ గుమ్మంలోంచి.

ఫిక్రీ నుదుటి వాపు తగ్గింది గాని కోపం తగ్గలేదు. అత్త సొంత మేనల్లుణ్ణే పోల్చుకోలేని స్థితిలో ఉంది. సంరక్షకుడేమో తలుపు తియ్యడానికి కూడా ధైర్యం లేనివాడు. ఈయన్ని తీసేసి బాధ్యత నాకివ్వండి, ఆవిడను మంచి వృద్ధాశ్రమంలో చేర్చి ఈ ఇంటికి తాళం వేస్తాను అని కోర్టుకు వెళ్ళాడు. ఆవిడను కోర్టుకు తీసుకురావడం కష్టం కనుక జడ్జిగారే ఇంటికి వచ్చి చూస్తానన్నారు.

ఆ కబురు విన్న రోజు బయ్యూమీ అన్నం ముట్టలేదు. ఆశ్రమంలో చేరిస్తే ఏమవుతుందని నయీమా అడిగింది.

"అక్కడ గదులకు గడియలుండవట," అన్నాడు. అంతకంటే పెద్ద ఆపద ఆయన ఊహకు అందలేదు.

"అయితే నా మాట విను. జడ్జిగారి ముందైనా మగాడిలా తాళం తీసి, తలుపు తోసి, లోపలికి తీసుకెళ్ళు. ఆ ఒక్కరోజుకి నీ యా సాతిర్ కట్టిపెట్టు. ఆవిడ ఆ ఇంట్లో ఉండాలని నీకుందా, లేదా?"

"ఉంది," అన్నాడు బయ్యూమీ. చూస్తాను అని మాత్రం అనలేదు.

జడ్జిగారు వచ్చే రోజు పొద్దున్నే ఇద్దరూ పైకి వెళ్ళారు. ఇన్షిరాహ్ రమ్మంది. ఆవిడకు జడ వేసి మంచి బట్టలు కట్టమని నయీమాను లోపల వదిలి, తాళం పడేలా తలుపు లాగి, బయ్యూమీ జడ్జిగారికి ఎదురువెళ్ళాడు.

తల దువ్వడం అయ్యేసరికి ఇన్షిరాహ్ చూపు ఎక్కడికో జారిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వెవరమ్మా? ఏ తరగతి?" అంది.

నయీమా ఆవిడ వంక చూసింది. నోట్లో పళ్ళు లేవు, తల మీద ముసుగు లేదు. జడ్జిగారు ఈ క్షణం లోపలికి వస్తే చూసేది ఈ మనిషినే. ఇక అంతే అనుకుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు, ఆయాసం. లిఫ్టు పాడైన మేడలో జడ్జిగారు మెట్లెక్కి వస్తున్నారు. తలుపు బయట ఎవరో గొంతు సవరించుకున్నారు.

"యా సాతిర్!"

'చచ్చాం' అనుకుంది నయీమా. ఈ గుమ్మం దగ్గర ఆమె ఆ కేకను ఎప్పుడూ బయ్యూమీ పక్కన, తలుపు బయటే నిలబడి విన్నది, కాళ్ళు పీకుతుంటే తిట్టుకుంటూ. లోపలి వైపు, గడిచిపోయిన బతుకును వెతుక్కునే మనిషి పక్కన కూర్చుని వినడం ఇదే మొదలు.

ఇన్షిరాహ్ తల ఎత్తింది.

"వచ్చాడు," అంది.

"ఎవరమ్మా?"

"ఆగు, చెప్తా." ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. గ్లాసులోంచి పళ్ళ సెట్టు తీసి పెట్టుకుంది. ముసుగు వెతికి, అద్దం ముందు నిలబడి కట్టుకోసాగింది. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి, చీకట్లో సంచీ అడుగున వస్తువేదో చేత్తో తడుముకున్నట్టు. "పొడుగాటివాడు... కింది వాటా... మీటరు చూసేవాడు... భార్య గయ్యాళి..."

నయీమా చేతిలోని దువ్వెనను ఠపీమని బల్ల మీద పెట్టింది.

బయట ఫిక్రీ గొంతు లేచింది. "చూశారా జడ్జిగారూ? రోజూ ఇదే తంతు. లోపల మనిషి పడి ఉన్నా ఈయన ఇలా పాట పాడుతూ నిలబడతాడు!"

"అడుగుల చప్పుడు వింటున్నాను బాబూ," అన్నాడు బయ్యూమీ. "అది వినపడకపోతే తాళం తీస్తాను. జ్వరం వచ్చినప్పుడు తీశాను కూడా."

"తియ్యవయ్యా," అన్నారు జడ్జిగారు ఆయాసపడుతూ. "వచ్చింది కోర్టు."

"కోర్టంటే నాకు భయమూ భక్తీ రెండూ ఉన్నాయండీ. కానీ ఆవిడ ఇంకా రమ్మనలేదు."

"ఇక చాలు!" అన్నాడు ఫిక్రీ. తాళంచెవి గిర్రున తిరిగిన చప్పుడైంది.

తలుపు పిడి కదలడం అద్దంలో చూసింది ఇన్షిరాహ్. ముసుగు ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి. అంతసేపు పోగేసుకున్నదంతా ముఖంలోంచి జారిపోయింది. "దొంగ," అంది పిల్లల గొంతుతో.

అప్పుడు నయీమా ఒక్క ఉరుకున వెళ్ళి తలుపుకు వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి, మేడంతా వినపడేలా అరిచింది.

"ఆగండి! ఆవిడ ఇంకా రమ్మనలేదు!"

అరిచాక గాని ఆ మాట తన నోట వచ్చిందని ఆమెకు తెలియలేదు. తలుపు పిడి కదలడం ఆగింది.

"నయీమా?" అంది బయ్యూమీ గొంతు, నమ్మలేనట్టు.

"నయీమానే! నువ్వు మళ్ళీ పిలువు. మెల్లిగా పిలువు. జడ్జిగారూ, కాస్త ఆగండయ్యా, మీకు పుణ్యముంటుంది, ఆవిడ వస్తోంది!"

"ఎక్కడి నుంచి వస్తోంది? గదిలోనే ఉంది కదా!" అన్నాడు ఫిక్రీ.

"చాలా దూరం నుంచి," అంది నయీమా.

బయ్యూమీ మళ్ళీ పిలిచాడు. ఇన్షిరాహ్ మళ్ళీ మొదటి నుంచి వెతుక్కుంది. పొడుగాటివాడు, కింది వాటా, మీటరు. ముడి పడింది. అద్దంలో భుజాలు నిటారయ్యాయి. ఒకప్పుడు బడి గంటను కూడా భయపెట్టిన గొంతు బయటికి వచ్చింది.

"బయ్యూమీ, ఎవరెవరున్నారక్కడ?"

"నేనూ, జడ్జిగారూ, మన ఫిక్రీ బాబూనండీ."

"జడ్జిగారిని రమ్మను. నువ్వూ రా. ఫిక్రీ బూట్లు విప్పి రావాలి."

జడ్జిగారు అడిగిన ప్రశ్నల్లో చాలావాటికి ఆవిడ జవాబు చెప్పలేకపోయింది. ఇవాళ ఏ వారమని అడిగితే, "మీకు తెలుసుగా, మళ్ళీ నన్నెందుకు అడుగుతారు?" అంది. చివరికి ఆయన, మీ వ్యవహారాలు వీళ్ళిద్దరిలో ఎవరు చూడాలమ్మా అన్నారు.

ఇన్షిరాహ్ ఇద్దరినీ చూసింది. "ఫిక్రీ మంచి పిల్లాడే. కానీ వాడు వస్తే నా ఇంట్లో నేను చుట్టాన్నైపోతాను. బయ్యూమీ వస్తే అతనే చుట్టం."

జడ్జిగారు ఆ మాట రాసుకున్నారు. బాధ్యత బయ్యూమీ దగ్గరే ఉంచారు. వద్దని చెప్పగలిగినంత కాలం ఆవిడను ఆ ఇంట్లోంచి కదపకూడదన్నారు. ఫిక్రీ కోరినట్టు డాక్టరు వచ్చి చూసి వెళ్ళాలని, ఫిక్రీ ఎప్పుడైనా రావచ్చని, కాకపోతే తాళంచెవి లేకుండా రావాలని చెప్పారు.

మెట్లు దిగుతూ నయీమా మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "లోపల ఆవిడ అలా తయారవుతుందని నీకు ముందే తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? నేనెప్పుడూ బయటే కదా ఉండేది. కాసేపు ఆగితే మనిషి వస్తారని మాత్రం తెలుసు."

"ఆ మాట ఇన్నేళ్ళూ చెప్పచ్చుగా!"

"నువ్వడగలేదు కదే," అన్నాడు బయ్యూమీ.

తర్వాతి శుక్రవారం ఫిక్రీ కైరో నుంచి వచ్చాడు. బస్బూసా మిఠాయి పెట్టె పట్టుకుని, తాళంచెవి లేకుండా. తలుపు ముందు నిలబడి, బయ్యూమీ నేర్పినట్టు గొంతు సవరించుకుని, కేక వేశాడు. మొదటిసారి గొంతు కీచుమంది. రెండోసారి బాగానే వచ్చింది.

"ఎవరూ?" అంది లోపలి గొంతు.

"నేనత్తా, ఫిక్రీని. నీ తమ్ముడి కొడుకుని."

లోపల అడుగుల చప్పుడు. అద్దం దాకా వెళ్ళాయి, ఆగాయి, తలుపు దాకా వచ్చాయి. ఫిక్రీ మిఠాయి పెట్టె ముందుకు చాచాడు.

"రేపు రా," అంది ఇన్షిరాహ్. అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి.

ఫిక్రీ మిఠాయి పెట్టెతో సహా మెట్టు మీద కూలబడ్డాడు. నయీమా పుదీనా టీ తెచ్చి చేతికిచ్చింది.

"నేనెవరో ఆవిడకి తెలియలేదు," అన్నాడు దిగులుగా.

బయ్యూమీ వచ్చి పక్కన కూర్చుని, అతని భుజం తట్టాడు. "తెలిసింది బాబూ. తెలిసింది కాబట్టే రేపు రమ్మంది."